ప్రతి ఏడూ గ్యాస్ ఎందుకు తగ్గుతోంది? చెన్నై చిన్న దుకాణాల ఏసీల సంగతి

పానగల్ చీరలు | ఏప్రిల్ 9, రాత్రి 10.20

సభ్యులందరికీ నమస్కారం. మాది టీ నగర్‌లో పానగల్ పార్కుకు దగ్గరి సందులో రెండంతస్తుల చీరల దుకాణం. మా నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి పెట్టిన కొట్టు. కింద సీలింగులో అమర్చే మూడు టన్నుల క్యాసెట్ ఏసీలు రెండు, పై అంతస్తులో అటువంటిదే ఒకటి, కౌంటరు వెనుక గదిలో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఒకటి ఉన్నాయి. అన్నీ ఏడేళ్ల కిందట కొన్నవే. నాలుగేళ్లుగా ఒక సంస్థతో వార్షిక నిర్వహణ ఒప్పందం ఉంది. వాళ్ల మనిషి ఏటా మార్చిలో వస్తాడు, గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజి పెడతాడు, "గ్యాస్ తక్కువగా ఉంది సార్" అంటాడు, నింపుతాడు, దానికి వేరే బిల్లు వేస్తాడు. ఈ మార్చిలోనూ మూడు క్యాసెట్లకూ నింపి వెళ్లాడు.

మొన్న ఆదివారం, తమిళ ఉగాదికి ముందు వారం కావడంతో కొట్టు నిండా జనం ఉండగా, పై అంతస్తు ఏసీ మధ్యాహ్నం నుంచి మూడుసార్లు ఆగి, సాయంత్రానికి పూర్తిగా నిలిచిపోయింది. కంప్రెసర్ వైండింగ్, అంటే దాని మోటారులోని తీగచుట్ట, కాలిపోయిందని తేల్చారు. ఒప్పందంలో కంప్రెసర్ లేదని, కొత్తదాని ఖర్చు మేమే పెట్టుకోవాలని అంటున్నారు. డబ్బు సంగతి తరువాత చూసుకుంటాను గాని, ముందు నాకు తెలియవలసింది ఒకటి ఉంది. ఏసీలో గ్యాస్ ప్రతి ఏడూ తగ్గడం సహజమేనా?

గేజి మేస్త్రి | ఏప్రిల్ 9, రాత్రి 11.45

కాదండీ. ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, మొదట గూడూరులోనూ ఇప్పుడు అంబత్తూరులోనూ. ఏసీలో గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలు వంటిది కాదు, తిరిగినకొద్దీ ఖర్చు కావడానికి. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ద్రవమై, ఆవిరై, మళ్లీ ద్రవమవుతూ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారుతున్న చోటు వెతకకుండా నింపితే, చిల్లు పడ్డ కుండలో నీళ్లు పోసినట్టే.

అయితే మీ విషయంలో నాకు వేరే అనుమానం ఉంది. ఒకే దుకాణంలో మూడు యూనిట్లూ, ఏటా, ఒకే నెలలో, ఒకేలా కారవు. నిజంగా తగ్గకుండానే తగ్గినట్టు గేజి చూపించే సందర్భం ఒకటుంది. లోపలి ఫిల్టరు గాని కాయిల్ గాని మురికితో మూసుకుపోతే, కాయిల్ మీదుగా గాలి సరిగా వీయదు. గాలి లేకపోతే లోపలి గ్యాస్‌కు అందవలసిన వేడి అందదు, వేడి అందకపోతే సక్షన్ ప్రెషర్, అంటే కంప్రెసర్‌లోకి తిరిగి వచ్చే గ్యాస్ ఒత్తిడి, పడిపోతుంది. ఆర్-410ఏ గ్యాస్ వాడే యూనిట్‌లో ఆ ప్రెషర్ మామూలుగా 110 నుంచి 130 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మధ్య ఉండాలి. ఫిల్టరు మూసుకుపోతే అది 95కు దిగినా ఆశ్చర్యం లేదు, ఆ స్థితిలో కాయిల్ మీద మంచు కూడా పట్టవచ్చు. అది చూసిన కుర్రవాడు గ్యాస్ తక్కువని సిలిండర్ తిప్పుతాడు. ముల్లు 120కి రాగానే తృప్తిగా సిలిండర్ మూసేస్తాడు. ఆ తరువాత ఫిల్టరు కడుగుతాడు. గాలి బాగా వీస్తుంది, ఇప్పుడు లోపల ఉన్నది అవసరానికి మించిన గ్యాస్. మార్చిలో ఏమీ తెలియదు. ఏప్రిల్ వచ్చి బయటి గాలి మండటం మొదలయ్యాక అవుట్‌డోర్‌లో ప్రెషర్ మితి మీరుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కి ట్రిప్ అవుతుంది, చల్లారి మళ్లీ మొదలవుతుంది, చివరికి వైండింగ్ పోతుంది. మీరు చెప్పిన మూడుసార్లు ఆగడం సరిగ్గా ఈ లక్షణమే.

కాబట్టి రెండు మాటలు చెప్పండి. ఆ మనిషి ముందు గేజి పెట్టాడా, ముందు ఫిల్టరు కడిగాడా? రిపోర్టులో ప్రెషర్, ఆంపియర్లు రాశాడా? ఇంకొక ముఖ్యమైన విషయం, కంప్రెసర్ మార్చేటప్పుడు మిగిలి ఉన్న గ్యాస్‌ను గాలిలోకి వదలనివ్వకండి. రికవరీ మెషీన్‌తో ఖాళీ సిలిండర్‌లోకి లాగించి, తూకం వేయించండి. అవుట్‌డోర్ మీద అతికించిన ప్లేటులో ఎంత గ్యాస్ ఉండాలో గ్రాములతో సహా రాసి ఉంటుంది. రెండూ పోల్చితే నా అనుమానం నిజమో కాదో తేలిపోతుంది.

పానగల్ చీరలు | ఏప్రిల్ 10, ఉదయం 7.05

ముందు గేజి, తరువాత ఫిల్టరు. నేను పక్కనే నిలబడి చూశాను కనుక ఇందులో సందేహం లేదు. రిపోర్టులో "సర్వీస్ చేయబడినది, గ్యాస్ నింపబడినది" అన్న రెండు మాటలు తప్ప అంకె ఒక్కటీ లేదు.

మీరు రాసింది చదివి ఇప్పుడే పై అంతస్తు క్యాసెట్ ఫిల్టరు విప్పించి చూశాను. నెల కూడా కాలేదు కడిగి. కొత్త నూలు చీరల మడతలు విప్పి దులిపేటప్పుడు లేచే నూగంతా దానికి పట్టి, జాలీ కనిపించకుండా బూడిద రంగు గొంగళిలా తయారైంది. చేత్తో లాగితే ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. వేలెడు మందం ఉంటుందంటే అతిశయోక్తి అవుతుందేమో గాని, అర వేలు మందం మాత్రం తప్పక ఉంది.

వేళచ్చేరి మెస్ | ఏప్రిల్ 10, మధ్యాహ్నం 3.30

భోజనాల వేళ ముగిసి ఇప్పుడే కూర్చున్నాను. చీరల వారికి నూగు ఎలాగో, మాకు నూనె పొగ అలాగ. పెనం మీది నుంచి లేచే నూనె ఆవిరి హాలులోకి వచ్చి ఫిల్టరుకూ కాయిల్‌కూ పట్టుకుంటుంది, దాని మీద వీధి దుమ్ము పడుతుంది, రెండూ కలిసి జిగురవుతాయి. ఉత్త నీళ్లతో అది వదలదు. మాకు ఫిల్టర్లు వారానికోసారి సబ్బు నీళ్లలో నానబెట్టి కడగక తప్పదు. ఆ పని మా కుర్రవాడే చేస్తాడు, దీనికి మెకానిక్ అక్కరలేదు.

మా అనుభవంలో మరొకటి చెప్పాలి. రెండేళ్ల కిందట హాలు ఎంతకీ చల్లబడకపోతే ఇంకో రెండు టన్నుల ఏసీ కొనడానికి సిద్ధపడ్డాము. చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన ఏసీల జోలికే పోలేదు. వీధి తలుపు రెండంగుళాలు తెరిచి, సందు దగ్గర ఒక కాగితం ముక్క పట్టుకున్నాడు. కాగితం లోపలికి ఎగిరింది. వంటింట్లో పెట్టిన రెండు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు హాలులోని చల్లగాలిని లాగి బయట పారబోస్తున్నాయి, దాని బదులు వీధిలోని వేడిగాలి తలుపు సందుల గుండా లోపలికి వస్తోంది. వంటింటి వెనుక గోడకు కిటికీ తీయించి, పొయ్యిల దగ్గరికి బయటి గాలి నేరుగా వచ్చే ఏర్పాటు చేశాము. కొత్త ఏసీ కొనవలసిన అవసరం రాలేదు.

పెరంబూరు పచ్చళ్లు | ఏప్రిల్ 10, రాత్రి 9.15

మేస్త్రి గారి మాట కాదనడం లేదు గాని, గ్యాస్ నిజంగానే కారిపోయే కొట్లు కూడా ఉంటాయని చెప్పడానికి రాస్తున్నాను. మాది పచ్చళ్లు, పొడులు, మిఠాయిల అంగడి. ప్యాకింగ్ గదిలో ఉన్న స్ప్లిట్‌కు మూడేళ్లలో రెండుసార్లు ఇండోర్ కాయిల్ మార్చవలసి వచ్చింది. రెండుసార్లూ రాగి గొట్టంలో కంటికి కనిపించని సూది బెజ్జాలే. మొదటిసారి తయారీ లోపమని ఊరుకున్నాము. రెండోసారి వచ్చిన ఇంజినీరు, నిల్వకు వాడే వెనిగర్ ఆవిరే కారణమని చెప్పాడు. గోంగూరకూ ఏసీకీ వైరమేమిటని నవ్వుకున్నాము. ఇది నిజమేనా?

గేజి మేస్త్రి | ఏప్రిల్ 10, రాత్రి 11.10

అక్షరాలా నిజమండీ. వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లం గాని, ఫార్మిక్ ఆమ్లం గాని ఆవిరిగా గాలిలో కొద్దిపాటిగా ఉన్నా చాలు, కాయిల్ మీద ఎప్పుడూ ఉండే తేమతో, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రాగిని లోలోపల తినేస్తుంది. గొట్టాన్ని కోసి భూతద్దంతో చూస్తే చీమల పుట్టలో దారుల్లా వంకర టింకర సొరంగాలు కనిపిస్తాయి, అందుకే దీన్ని చీమల పుట్ట తుప్పు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. పచ్చళ్ల అంగళ్లలోనే కాదు, కొత్తగా ప్లైవుడ్ పని, వార్నిషు, జిగురు వేసిన షోరూముల్లో కూడా ఇది వస్తుంది. ప్యాకింగ్ గదికి చిన్న ఎగ్జాస్ట్ పెట్టి ఆవిరిని బయటికి పంపండి. మళ్లీ కాయిల్ మార్చవలసి వస్తే పై పూత ఉన్నది దొరుకుతుందేమో అడగండి.

లీకు వెతికే పద్ధతి కూడా చెప్పేస్తాను, అందరికీ పనికొస్తుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కనుక, కారే చోట నూనె మరక పడుతుంది. ఫ్లేర్ నట్ల (గొట్టాల విప్పారిన చివరలను బిగించే నట్లు) దగ్గర, వాల్వుల దగ్గర వేలితో తడిమితే జిడ్డు తగులుతుంది. ముందు అక్కడ సబ్బు నురుగు పూయాలి. కనిపించకపోతే గ్యాస్ తీసేసి, పొడి నైట్రోజన్ నింపి, తయారీదారు చెప్పిన ప్రెషర్ దగ్గర ఒక రాత్రంతా ఉంచి, ఉదయం ముల్లు ఎంత దిగిందో చూడాలి. ఈ పనికి ఆక్సిజన్ సిలిండర్ వాడటానికి ఎవరైనా సిద్ధపడితే వెంటనే ఆపేయండి, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ నూనెతో కలిస్తే పేలుతుంది. లీకు పూడ్చాక వ్యాక్యూమ్ పంపు పెట్టి 500 మైక్రాన్లకు (లోపల ఎంత ఒత్తిడి మిగిలిందో చెప్పే కొలత) దించాలి, పంపు ఆపాక ఆ అంకె నిలబడుతోందో లేదో చూడాలి. ఆ తరువాతే గ్యాస్, అదీ గేజి చూసి కాదు, తూకం వేసి. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం కనుక సిలిండర్ నుంచి ద్రవంగానే ఎక్కించాలి. పంపు పెట్టకుండా, గ్యాస్‌నే కొంచెం వదిలి గాలిని తోసేశామనేవాళ్లు మీ యూనిట్‌లో తేమను వదిలి వెళుతున్నారని అర్థం. ఆ తేమ నూనెతో కలిసి ఆమ్లమై, ఏడాదికో రెండేళ్లకో కంప్రెసర్‌ను తింటుంది.

పాత ఆర్-22 యూనిట్లు ఉన్నవారికి ఒక హెచ్చరిక. ఆ గ్యాస్ ఓజోన్ పొరకు హాని చేసేది కనుక మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం దాని వాడకాన్ని దశలవారీగా ఆపేస్తోంది. దొరకడం లేదన్న నెపంతో ఆర్-32 వంటి వేరే గ్యాస్‌ను పైన కలిపి పోనివ్వకండి. ప్రెషర్లు వేరు, నూనెలు వేరు, పైగా ఆర్-32 కొద్దిగా మండే స్వభావం ఉన్నది.

తిరువాన్మియూరు ల్యాబ్ | ఏప్రిల్ 11, ఉదయం 8.40

మాది రక్త పరీక్షల కేంద్రం, సముద్రానికి అరకిలోమీటరు కూడా ఉండదు. మా ఏసీలకు లోపల ఏ జబ్బూ రాదు, జబ్బంతా మేడ మీదే. ఉప్పు గాలికి అవుట్‌డోర్ కాయిల్ అల్యూమినియం రెక్కలు నాలుగేళ్లకే పెళుసుబారి, వేలు తగిలితే అప్పడంలా పొడి రాలిపోయాయి. అల్యూమినియమూ రాగీ కలిసి ఉన్నచోట ఉప్పు తేమ పడితే అల్యూమినియం ముందు తరిగిపోతుందట. రెక్కలు లేని గొట్టం వేడిని బయటికి వదలలేదు కనుక, చూపుకు ఏసీ నడుస్తూనే ఉండి గది మాత్రం చల్లబడదు.

ఇప్పుడు రెండు వారాలకోసారి మేడ మీద మంచినీళ్లతో, తోటకు పట్టే మామూలు పైపుతో, సన్నని ధారగా కడిగిస్తున్నాము. ప్రెషర్ జెట్ వాడితే రెక్కలు వంగి గాలి దారి మూసుకుపోతుంది. మొదట్లో మా వాచ్‌మన్ బోరు నీళ్లతో కడిగేవాడు. మా వైపు బోరు నీళ్లే ఉప్పన, అంటే ఉప్పును ఉప్పుతో కడిగామన్నమాట. ఆర్వో యంత్రం వదిలే వృథా నీటికీ అదే దోషం ఉంది.

ఇనుప స్టాండ్లను కూడా మరవకండి. 2016 డిసెంబరులో వర్దా తుపాను నాడు మా పక్క భవనం మీది అవుట్‌డోర్ ఒకటి తుప్పు పట్టిన స్టాండుతో సహా మా మెట్ల మీద వచ్చి పడింది. ఆ వేళకు మెట్ల మీద ఎవరూ లేకపోవడం మా అదృష్టం.

వేళచ్చేరి మెస్ | ఏప్రిల్ 11, మధ్యాహ్నం 4.00

నీళ్ల మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. అవుట్‌డోర్ ముందు నీటి తుంపర చల్లే నాజిల్ పెడితే కరెంటు ఆదా అవుతుందని ఒకరు అమ్మజూపుతున్నారు. పెట్టించవచ్చునా?

గేజి మేస్త్రి | ఏప్రిల్ 11, సాయంత్రం 6.20

గాలి చల్లబడితే లాభమే, కాదనను. కాని మన ఊళ్లో ట్యాంకరు నీళ్లో బోరు నీళ్లో దానికి పెడతారు, రెండు వేసవుల్లో కాయిల్ మీద తెల్లని పెచ్చు కడుతుంది, ఆదా అయినదానికి రెండింతలు అక్కడ పోతుంది. పైగా వేళచ్చేరిలో నీటికే కరువు, ఏసీకి ఎక్కడి నుంచి తెస్తారు? దాని బదులు అవుట్‌డోర్‌కు ఊపిరాడే చోటు చూపించండి. ఏసీ సామర్థ్యాన్ని కంపెనీ లెక్కించేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. రెండు భవనాల మధ్య మూడడుగుల సందులో ఆరేడు అవుట్‌డోర్లు ఒకదాని ముఖాన ఒకటి వేడి ఊదుకుంటూ ఉంటే, అక్కడి గాలి 48 డిగ్రీలు ఉన్నట్టు నేనే కొలిచి చూశాను. సముద్రపు గాలి ఆలస్యంగా వచ్చే రోజుల్లో ఇక చెప్పనక్కరలేదు.

పద్దుల పంతులు | ఏప్రిల్ 12, ఉదయం 11.30

నేను మైలాపూరులో చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తాను. మీరందరూ యంత్రం గురించి చెప్పారు, నేను కాగితం గురించి చెబుతాను.

వార్షిక ఒప్పందాలు రెండు రకాలు. మొదటిది కేవలం పని మాత్రమే, ఏడాదికి మూడో నాలుగో సర్వీసులు చేస్తారు, విడిభాగాలకూ గ్యాస్‌కూ వేరే డబ్బు. రెండోది కాంప్రిహెన్సివ్, కంప్రెసర్, గ్యాస్, పీసీబీ (కంట్రోలు బోర్డు), ఫ్యాన్ మోటారు అన్నీ అందులోనే ఉండాలి. ఉండాలి అని ఎందుకంటున్నానంటే, పేరు కాంప్రిహెన్సివ్ అని పెట్టి, చివరి పేజీలో కాయిల్, పీసీబీ, "వోల్టేజి వల్ల కలిగిన నష్టం" మినహాయింపు అని రాసిన కాగితాలు నా చేతికి చాలా వచ్చాయి. గ్యాస్‌కు వేరే బిల్లు వేసే ఒప్పందంలో, గ్యాస్ తక్కువని చెప్పడం చెప్పేవాడికే లాభం. ఎవరినీ దొంగలని అనడం లేదు, ఆ ఒప్పందం అల్లికే అలా ఉంది. కనుక మీ ఒప్పందంలో రెండు షరతులు చేతిరాతతోనైనా చేర్పించండి. లీకు చోటు చూపించకుండా గ్యాస్ నింపకూడదు. ప్రతి సర్వీసులోనూ ఫిల్టరు, కాయిల్ శుభ్రం చేసిన తరువాతి ప్రెషర్, ఆంపియర్లు, లోనికి వెళ్లే గాలి, బయటికి వచ్చే గాలి ఉష్ణోగ్రతలు రాసి సంతకం పెట్టాలి.

వ్యాపారం కోసం పొందిన సేవకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సాధారణంగా వర్తించదు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం నడుపుకునే వారికి మినహాయింపు ఉంది గాని, అది వాదించి నిలుపుకోవలసిన విషయం. కనుక కాగితంలో ఏముందో అదే మీకు అండ. ఈ ఒప్పందాల మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మామూలు నమోదులో ఉన్న చీరల వారు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకునేలా, తీసుకోవచ్చు, కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ వీలు లేదు. ల్యాబ్ వారి వైద్య సేవలకు పన్ను మినహాయింపు ఉంది కనుక వారికీ క్రెడిట్ రాదు. ధరలు పోల్చేటప్పుడు మీరు పన్నుతో కలిపి పోల్చుకోండి.

పానగల్ చీరలు | ఏప్రిల్ 19, రాత్రి 10.50

ఆలస్యానికి క్షమించాలి. పండుగ వారమంతా పై అంతస్తులో అద్దెకు తెచ్చిన టవర్ ఏసీతో నెట్టుకొచ్చాము.

మేస్త్రి గారు చెప్పినట్టే వేరే మనిషిని పిలిపించి, రికవరీ మెషీన్‌తో గ్యాస్ తీయించాను. తూకం యంత్రం మీద సిలిండర్ పెట్టి అంకె చూసేటప్పుడు మా నాన్నగారు కూడా మేడ మీదికి వచ్చి నిలబడ్డారు. ప్లేటు మీద రాసి ఉన్నది 2.2 కిలోలు. సిలిండర్‌లోకి వచ్చింది 2.9 కిలోలు. మా పైపు పొడవు ఏడు మీటర్ల లోపే కనుక అదనపు గ్యాస్ ప్రసక్తి లేదని అతను చెప్పాడు. నాన్నగారు ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుని, "నాలుగేళ్లు డబ్బిచ్చి మరీ నింపించుకున్నామన్నమాట" అని కిందికి దిగి వెళ్లిపోయారు.

కింది రెండు క్యాసెట్లనూ అలాగే చూపించాము. ఒకదానిలో అరకిలోకు దగ్గరగా ఎక్కువ ఉంది. రెండోదానిలో మాత్రం నిజంగానే తక్కువ, ఫ్లేర్ నట్ దగ్గర నూనె జిడ్డు ఉంది, సబ్బు పూస్తే బుడగలు వచ్చాయి. అంటే మూడింటిలో ఒక్కదానికే గ్యాస్ అవసరం, దానికీ ముందు కావలసింది నట్ బిగింపు. పాత సంస్థకు ఈ అంకెలన్నీ రాతపూర్వకంగా పంపాను. వాళ్లు కంప్రెసర్ ధరలో కొంత భరిస్తామని ఫోనులో అన్నారు, పంతులు గారి మాట గుర్తొచ్చి కాగితం మీద రాసిమ్మన్నాను, ఇంకా రాలేదు.

గేజి మేస్త్రి | ఏప్రిల్ 19, రాత్రి 11.30

రికవరీలో చివరి చుక్క వరకూ రాదు, కొంత నూనెలో మిగిలిపోతుంది. కనుక అసలు ఉన్నది 2.9 కంటే ఇంకా కాస్త ఎక్కువే. కంప్రెసర్ కాలినప్పుడు నూనెలో ఆమ్లం చేరుతుంది, పైపులు ఫ్లష్ చేయించి (లోపల కడిగించి), ఫిల్టర్ డ్రయర్ (తేమను, మలినాలను పట్టే భాగం) కొత్తది వేయించారా? లేకపోతే కొత్త కంప్రెసర్ కూడా అదే దారి పడుతుంది. ఆ బుడగలు వచ్చిన నట్‌ను ఉత్తగా బిగించి వదలకండి, ఫ్లేర్ కోసి కొత్తగా తీయించండి. తీసిన పాత గ్యాస్‌ను మళ్లీ వాడవద్దు.

పానగల్ చీరలు | మే 12, మధ్యాహ్నం 3.15

డ్రయర్ కొత్తది వేశారు, ఫ్లష్ నా ఎదుటే చేశారు, ఫ్లేర్ కూడా కొత్తగా తీశారు. ఇప్పుడు కర్తరి నడుస్తోంది, బయట రోడ్డు మీద చెప్పులు అతుక్కుపోతున్నాయి. పై అంతస్తు యూనిట్ అంకెలు ఈ మధ్యాహ్నం తీసినవి: సక్షన్ 126 పీఎస్ఐ, ఒక్కొక్క ఫేజుకు 5.7 ఆంపియర్లు, లోనికి వెళ్లే గాలి 26, బయటికి వచ్చేది 16 డిగ్రీలు. కాలిపోయే ముందు రోజు మా ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరుతో చూసి గోడ మీద పెన్సిలుతో రాసిన అంకె ఒకటి నిన్న కనిపించింది, అది 7.4. ఫిల్టర్లు ప్రతి సోమవారం ఉదయం కొట్టు తెరవక ముందే మా అమ్మాయిలు కడుగుతున్నారు.

గేజి మేస్త్రి | మే 12, సాయంత్రం 7.00

అంకెలు బాగున్నాయి. సముద్రపు గాలి బలంగా వీచి తేమ ఎక్కువైన రోజున ఆ పది డిగ్రీల తేడా ఎనిమిదికి తగ్గవచ్చు, అది చూసి ఎవరైనా గ్యాస్ తక్కువంటే ఒప్పుకోకండి. గోడ మీది ఆ పెన్సిలు అంకెను సున్నం వేసేటప్పుడు చెరిపేయవద్దని చెప్పండి.